చీమ, తేనెటీగ పద్యాల్లో నీతి పిల్లలచేత ఎలా చెప్పించాలి?

ప్రశ్న: ఆరో తరగతికి చీమ, తేనెటీగ వచ్చే శతక పద్యాలు చెప్పాలి. ఏ పద్యమిచ్చినా 'ఐకమత్యమే బలం' అని రాసేస్తున్నారు. ఎక్కడ తప్పుతోంది?

ఛందోప్రియ: పద్యం ఎవరితో మాట్లాడుతోందో చూడకపోవడం వల్లే. సుమతీ శతకంలోని 'బలవంతుడ నాకేమని' తీసుకోండి. కందం (నాలుగు పాదాల పద్యం) కదా, మొదటి రెండు పాదాల్లో మాట, తర్వాతి రెండింట్లో పోలిక. ఆ మాట బలవంతుడికి: పలువురితో విరోధం వద్దని. చలిచీమలకు అక్కడెవరూ బోధించడం లేదు. పై రెండు పాదాలే బోర్డు మీద రాసి 'ఎవరికి చెబుతున్నాడు?' అని అడగండి. చలిచీమలకు చిక్కి చచ్చే పామును తర్వాత తీసుకురండి.

పద్యాభిమాని: వేమన పద్యమైతే మూడో పాదం దగ్గర ఆగాలి. నాలుగోది మకుటం, అంటే ప్రతి పద్యం చివరా వచ్చే 'విశ్వదాభిరామ వినురవేమ', కాబట్టి పోలిక చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ధనం దాచుకునే లోభిని పోలుస్తూ 'తేనెటీగ గూర్చి తెరువరి కియ్యదా' అనగానే పిల్లలు ఎదురుతిరుగుతారు: ఈగ కష్టజీవి కదండీ, లోభి ఎలా అయింది? మంచి ప్రశ్న, నొక్కేయకండి. పూలు దొరకని రోజుల కోసం ఈగ దాచుకుంటుంది. కవికి కావలసింది మాత్రం దారినపోయేవాడు పట్టు పిండుకుపోవడం ఒక్కటే. పోలికలో ఒక్క అంశమే తీసుకుంటారని అక్కడే తేలిపోతుంది.

శతకాల సారు: 'చీమలు పెట్టిన పుట్టలు' కూడా చేర్చండి, అదీ కూడబెట్టేవాడి మీదే: చీమల పుట్ట పాముల పాలైనట్టు వాడి సొమ్ము రాజుల పాలవుతుందని. పుట్ట కట్టేది చెదలు కదా అని ఎవరో ఒకరు అంటారు. నిజమే, అయినా పోలిక చెడదు. 'పుట్టలోన చెదలు' పద్యంలో మాత్రం మంచి గుణం వెతకొద్దు, అక్కడ చెద అనేది తల్లిదండ్రుల మీద దయలేని కొడుక్కి తిట్టు. పీరియడ్‌కి రెండు పద్యాలు చాలు. మూడోది ఇంటికిచ్చి, పోలిక ఉన్న పాదం కింద గీత గీసుకు రమ్మనండి.