డూమ్ మెటల్‌లో తర్వాత ఏం వినాలి?

డూమ్ మెటల్ అంటే నెమ్మదిగా, బరువుగా సాగే హెవీ మెటల్ కదా, ఈ మధ్య రాత్రిళ్ళు అందులో క్యాండిల్‌మాస్ బ్యాండ్ 1986 నాటి మొదటి ఆల్బమే వింటున్నా. తొలి పాట అకౌస్టిక్ గిటార్‌తో మెల్లగా మొదలై, ఆ బరువైన రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరస) పడేసరికి ఒళ్ళు జలదరిస్తుంది. అంతకుముందు బ్లాక్ సబ్బాత్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' (1971) అరగదీశాను. ఫ్యాక్టరీ ప్రమాదంలో వేళ్ళ కొసలు పోయిన వాళ్ళ గిటారిస్ట్ టోనీ అయోమీ, అందులో కొన్ని పాటలకి తీగలు వదులు చేసి శ్రుతి మూడు స్వరస్థానాలు దించాడు కదా, ఆ మందమైన ధ్వనికే పడిపోయాను. త్రాష్ మెటల్ స్పీడు నాకు అంతగా ఎక్కదు.

సెయింట్ వైటస్, ట్రబుల్ బ్యాండ్లు రెండూ 1984లోనే తొలి ఆల్బమ్ తెచ్చాయి. ముందు ఏది పట్టుకోమంటారు? అరుపులు వద్దండీ, గొంతెత్తి పాడేవాళ్ళు కావాలి. మీరిప్పుడు ఏం వింటున్నారో, ఏ పాటతో మొదలుపెట్టాలో చెప్పండి.