బైబిలులో "మైదానము" ఎప్పుడూ లోకాశకే గుర్తా?

వాక్యాన్వేషి అడిగిన ప్రశ్న

అందరికీ ప్రభువు నామమున వందనాలు. వచ్చే వారం మా స్త్రీల కూడికలో ఆదికాండము 13వ అధ్యాయం మీద నేను మాట్లాడవలసి ఉంది. చిన్నప్పటినుండి ఈ అధ్యాయం మీద నేను విన్న ప్రసంగాలన్నీ దాదాపు ఒకే దారిలో నడిచాయి. అబ్రాము (తరువాత అబ్రాహాము) సహోదరుని కుమారుడైన లోతు మైదానాన్ని ఎంచుకొన్నాడు, అబ్రాముకు కొండసీమ మిగిలింది. కొండ అంటే దేవుని సన్నిధి, మైదానం అంటే లోకభోగం. కనుక మైదానంలోకి దిగినవాడు, పాపం వల్ల నాశనమైన సొదొమ పట్టణానికి చేరక మానడు. దీనికి తోడుగా షీనారు మైదానంలోని బాబెలు గోపురాన్నీ, దూరా మైదానంలో బబులోను రాజు నెబుకద్నెజరు నిలబెట్టించిన బంగారు ప్రతిమనూ చూపిస్తారు.

అయితే సిద్ధపాటు కోసం చదువుతుండగా 26వ కీర్తన చివరి వచనం దగ్గర ఆగిపోయాను. "సమభూమిలో నా పాదము నిలిపియున్నాను" అని దావీదు సంతోషంగా చెబుతున్నాడు. లూకా 6:17లో యేసు కొండ దిగివచ్చి మైదానమందు నిలిచి బోధించాడు. మైదానం చెడ్డదైతే వీటిని ఎలా అర్థం చేసుకోవాలి? అసలు బైబిలులో మైదానానికి ఒకే గుర్తు అంటూ ఉన్నదా? మా అయ్యగారిని అడిగే ముందు ఇక్కడ అడుగుతున్నాను.

హెబ్రీ విద్యార్థి

సహోదరీ, మీ సందేహం సరైనదే. ముందుగా తేల్చుకోవలసింది గుర్తును గురించి కాదు, మాటను గురించి. మన తెలుగు బైబిలులో "మైదానము" అని కనిపించే చోట్ల మూలంలో కనీసం నాలుగు వేర్వేరు హెబ్రీ మాటలున్నాయి. లోతు చూసినది "కిక్కార్". ఆ మాటకు గుండ్రనిది అని అర్థం. గుండ్రని రొట్టెకూ, తలాంతు అనే తూనికకూ అదే మాట వాడతారు. షీనారులోనూ దూరాలోనూ ఉన్నది "బిక్‌ఆ", అంటే ఎత్తయిన నేలల నడుమ పరచుకొన్న వెడల్పాటి పల్లపు భూమి. మోయాబు మైదానాలూ యెరికో మైదానాలూ "అరాబా" అనే మాటకు బహువచనం. అది యొర్దాను లోయ పొడవునా సాగే ఎండు నేల. దావీదు పాదం నిలిపిన సమభూమి "మీషోర్".

ఈ నాలుగో మాట మీద కాస్త ఆగాలి. ఎత్తుపల్లాలు లేని నేలకు వాడే ఈ మాటనే హెబ్రీలో న్యాయానికీ యథార్థతకూ కూడా వాడతారు. యెషయా 11:4లో దీనుల పక్షాన యథార్థంగా తీర్పు తీర్చేవాని గురించి చెప్పేటప్పుడు ఉన్నది ఇదే మాట. జెకర్యా 4:7లో, దేవాలయాన్ని తిరిగి కట్టిస్తున్న జెరుబ్బాబెలు ఎదుట గొప్ప పర్వతం "చదునుభూమి" అవుతుందన్నప్పుడు ఉన్నదీ ఇదే. అక్కడ అడ్డంకి కొండ, వాగ్దానం మైదానం. ప్రసంగాలలో మనం వినే సూత్రం ఆ వచనంలో పూర్తిగా తిరగబడింది.

ఇంకొక సంగతి. యెహెజ్కేలు 37:1లో ఎండిన ఎముకలున్న చోటును మన అనువాదం "యొక లోయ" అన్నది. హెబ్రీలో అదీ "బిక్‌ఆ"యే, పైగా "ఒక" అని కాక "ఆ" అనే అర్థం వచ్చేలా నిశ్చయార్థకంతో ఉంది. యెహెజ్కేలు 3:22లో "మైదానపు భూమికి వెళ్లుము" అని ప్రవక్తకు ఆజ్ఞ వచ్చిన చోటుకు వాడినదీ ఈ మాటే. కాబట్టి దేవుని మహిమను చూసిన మైదానమే ఎముకలు నిండిన మైదానంగా ఆయనకు మళ్లీ కనిపించిందని చదవడానికి బలమైన ఆధారం ఉంది. తెలుగులో ఒకచోట మైదానమూ మరొకచోట లోయా కావడంతో ఈ ముడి మన కంటికి ఆనదు.

మెట్టసీమ చదువరి

పై వివరణతో నాకు పేచీ లేదు కానీ, లోతు సంగతి మాటల అర్థంతోనే తేలదని నా అభిప్రాయం. ఆదికాండము 13:10 ఆ ప్రాంతాన్ని ఎంత మెచ్చుకొంటున్నదో చూడండి: "యెహోవా తోటవలె" ఉన్నదట, "ఐగుప్తు దేశమువలె" నీళ్లు పారే దేశమట. ఏదెనుతో పోల్చిన నేలను చెడ్డ నేల అనలేం. అసలు కీలకం ఆ రెండో పోలికలో ఉంది. ద్వితీయోపదేశకాండము 11:10, 11 వచనాలు తీసి పక్కన పెట్టుకోండి. ఐగుప్తులో కూరతోటకు పెట్టినట్లు కాలితో నీళ్లు పెట్టుకొనేవారు. మీరు స్వాధీనపరచుకోబోయే దేశమో కొండలూ లోయలూ కలిగి ఆకాశవర్షం తాగే దేశం అని మోషే చెబుతాడు.

మా వాళ్ల మాటలో చెప్పాలంటే ఐగుప్తు మాగాణి, కనాను మెట్ట. కాలువ కింద రైతు లాకుల వైపు చూస్తాడు, మెట్ట రైతు మబ్బు వైపు చూస్తాడు. (మెట్టలో పుట్టినవాణ్ణి కాబట్టి ఈ వచనం చదివినప్పుడల్లా నాకు కొంత పక్షపాతం కలుగుతుందని ఒప్పుకొంటున్నాను.) లోతు మైదానాన్ని కోరుకొన్నందుకు ఆ అధ్యాయం అతణ్ణి నిందించలేదు. వాన కోసం కనిపెట్టే అవసరం లేని చోటును అతడు కంటితో కొలిచి ఎంచుకోవడాన్నీ, పట్టణాల మధ్య కాపురముంటూ తన గుడారాన్ని సొదొమ దగ్గర వేసుకోవడాన్నీ మాత్రం అది వరుసగా చూపింది. తరువాత 19:17లో "ఈ మైదానములో ఎక్కడను నిలువక ఆ పర్వతమునకు పారిపొమ్ము" అన్న ఆజ్ఞ ఆ పట్టణాల మీదికి రాబోయే నాశనాన్ని బట్టి వచ్చిందే కానీ నేల చదునును బట్టి వచ్చినది కాదు.

ఒలీవ కొమ్మ

గుర్తులు అసలే లేవన్నట్లుగా చర్చ సాగుతున్నది కాబట్టి కొంచెం ఎదురు చెబుతాను. ఇశ్రాయేలీయులు ముఖ్యంగా కొండసీమలో స్థిరపడ్డ ప్రజలు. వారికి మైదానం అంటే భయం ఉండేది, ఆ భయానికి కారణం కూడా ఉండేది: మైదానంలో రథాలు పరుగెత్తుతాయి. పల్లపు నేలలో ఉన్నవారికి ఇనుప రథాలుండడం వల్ల యూదావారు వారిని వెళ్లగొట్టలేకపోయారని న్యాయాధిపతులు 1:19 దాపరికం లేకుండా చెబుతుంది. కనానీయుల సేనాధిపతి సీసెరాకు 900 ఇనుప రథాలున్నాయి. వాటిని కీషోను వాగు దగ్గరే ఓడించవలసి వచ్చింది. క్రీ.పూ. 609లో యోషీయా రాజు చావుదెబ్బ తిన్నది మెగిద్దో మైదానంలోనే.

ఈ నేపథ్యంతో మొదటి రాజులు 20వ అధ్యాయం చదివితే మైదానం ఎందుకు గుర్తు అయిందో తెలుస్తుంది. ఓడిపోయిన సిరియనులు తమ రాజుతో, ఇశ్రాయేలీయుల దేవతలు కొండదేవతలు, మైదానంలో యుద్ధం చేస్తే మనమే గెలుస్తామన్నారు. వారు ఆ మాట అన్నందువల్లనే ఆ గొప్ప సమూహాన్ని ఇశ్రాయేలు రాజైన ఆహాబు చేతికి అప్పగిస్తున్నానని దైవజనుని ద్వారా యెహోవా కబురు పంపాడు. గమనించండి, కొండ దేవునిది, మైదానం ఇతరులది అన్న సూత్రం బైబిలులో ఉన్నది, అయితే దానిని పలికినవారు సిరియనులు! అదే సూత్రాన్ని మనం వేదిక మీద నుండి బోధించడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

నా దృష్టిలో మైదానం చాటు లేని చోటు. షీనారులో రాయి దొరకదు, కాబట్టి రాళ్లకు ప్రతిగా ఇటుకలూ, అడుసుకు ప్రతిగా మట్టికీలూ వాడి, కొండ లేని చోట మనుషులే కొండవంటిదాన్ని కట్టబోయారు. దూరా మైదానంలో అరవై మూరల ప్రతిమ అంత దూరానికీ కనిపిస్తుంది. దాని ముందు వంగని ముగ్గురు యూదులూ అంతే స్పష్టంగా కనిపిస్తారు. కీర్తనలలో విశాలస్థలం విడుదలకు గుర్తు కావడం కూడా ఈ బయలుకు రెండో ముఖమే. హెబ్రీలో ఇరుకుకూ కష్టానికీ ఒకటే మాట. మనమూ కష్టం వస్తే "ఇరుకున పడ్డాను" అంటాం కాబట్టి, "ఇరుకులో నాకు విశాలత కలుగజేసినవాడవు నీవే" అన్న 4వ కీర్తన తెలుగువారికి వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది.

వాక్యాన్వేషి

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. సిరియనుల సంగతి నేనెన్నడూ ఆలోచించలేదు. లూకా 6:17 గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? "ప్రతి లోయను ఎత్తు చేయవలెను, ప్రతి పర్వతమును అణచవలెను" అన్న యెషయా ప్రవచనాన్ని లూకా 3వ అధ్యాయంలో ఉదహరించాడు కాబట్టి, ఈ మైదానం దాని నెరవేర్పు అనవచ్చా?

హెబ్రీ విద్యార్థి

ఆ మాట అనాలని నాకూ ఆశగానే ఉంది కానీ, జాగ్రత్తగా అనాలి. లూకా 3:5లో నునుపైన మార్గాలకు వాడిన గ్రీకు మాట వేరు, 6:17లో చదునైన చోటుకు వాడిన మాట వేరు. కనుక లూకా ఉద్దేశపూర్వకంగా ముడివేశాడని తేల్చి చెప్పలేం. ఆ చదునైన చోటు కొండ మీదనే ఉన్న ఒక సమతలమని మత్తయి 5వ అధ్యాయంతో కలిపి చదివేవారూ ఉన్నారు. అయితే కథాగమనం మాత్రం స్పష్టం. రాత్రంతా కొండమీద ప్రార్థన, తెల్లవారగానే పన్నెండుగురిని ఏర్పరచుకోవడం, తరువాత వారితో కూడ దిగివచ్చి యూదయవారూ తూరు సీదోనుల వారూ కలిసి ఉన్న జనం మధ్య నిలబడడం. బీదలకు ధన్యత చెప్పిన నోటితోనే ధనవంతులకు "అయ్యో" అన్నది లూకాలోనే.

మీ కూడికకు నాదొక సూచన. సూత్రానికి బదులుగా ఒకే మైదానాన్ని రెండుసార్లు చదవండి. యెహోషువ 5:10లో ఇశ్రాయేలీయులు యెరికో మైదానంలో పస్కా ఆచరించారు, ఆ దేశపు పంట తిన్నారు, అరణ్యంలో దేవుడు ఇచ్చిన ఆహారమైన మన్నా ఆగిపోయింది. రెండవ రాజులు 25:5లో, క్రీ.పూ. 586 ప్రాంతంలో, యెరూషలేము నుండి రాత్రివేళ పారిపోయిన యూదా రాజు సిద్కియా కల్దీయుల (బబులోనువారి) చేతికి చిక్కింది అదే యెరికో మైదానంలో. సైన్యమంతా ఆయనను విడిచి చెదిరిపోయింది.

వాక్యాన్వేషి

ఆ రెండు భాగాలనూ పక్కపక్కన పెట్టి చదివిస్తాను. ఒక చివరి చిన్న సందేహం: ఒక పాత ఇంగ్లీషు బైబిలులో దేవుడు అబ్రాహాముకు మమ్రే "మైదానాలలో" కనబడ్డాడని ఉంది. దీనిని కూడా చేర్చుకోవచ్చా?

హెబ్రీ విద్యార్థి

వద్దు. అక్కడ ఉన్నది చెట్ల పేరు, ఆ పాత ఇంగ్లీషు అనువాదం పొరబడింది. మన తెలుగు బైబిలు సింధూరవృక్షాలనే సరిగ్గా చెప్పింది.