ఎండాకాలం గైడెడ్ నడకలు: గుంపు ఎంత, ఎన్నింటికి మొదలు, ఎక్కడ ఆపాలి?

కాలిబాట_17

మా నేచర్ సెంటర్‌లో ఈ ఎండాకాలానికి మూడు కార్యక్రమాలు అనుకుంటున్నాం. వారాంతాల్లో పెద్దలూ పిల్లలూ కలిసి వచ్చే గైడెడ్ నడక ఒకటి. 7 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 5 రోజుల ఉదయపు శిబిరం ఇంకొకటి, అందులో ఒక రోజు కుంట దగ్గర. మూడోది నెలకొక రాత్రి నడక. బాట 1.8 కిలోమీటర్ల చుట్టు, సగం చెట్ల నీడ, సగం బోడి గడ్డి మైదానం. వాలంటీర్లు నలుగురు, బైనాక్యులర్లు 10 జతలు.

ఒక్కో గుంపులో ఎంతమందిని తీసుకోవచ్చు? గుంపు బారుగా సాగిపోయి వెనకవాళ్లకు ఏమీ వినబడకపోతే ఏం చేయాలి? వేడి ఎంత దాటితే రద్దు చేయాలి? రాత్రి నడకలో జంతువు ఒక్కటీ కనబడకపోతే ఏం చూపించాలి? కుంట దగ్గర ఏయే సామాను కావాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

---

గట్టుమీద

గుంపు సంగతి ముందు. ఒక గైడ్‌కి 12 మంది హాయిగా ఉంటుంది, 15 దాటితే అది నడక కాదు, ఊరేగింపు. ప్రతి గుంపుకీ ఇద్దరు ఉండాలి: ముందు గైడ్, చివర ఒకరు. చివర నడిచేవాళ్ల వెనక ఎవరూ ఉండకూడదు, అదొక్కటే వాళ్ల నియమం. నలుగురు వాలంటీర్లు ఉన్నారు కాబట్టి రెండు గుంపులు చేసి చుట్టు బాట మీద ఒకే దిశలో 20 నిమిషాల తేడాతో పంపండి. ఎదురెదురుగా పంపితే ఇరుకు దారిలో తారసపడి అక్కడే 10 నిమిషాలు పోతాయి.

వినబడకపోవడం గొంతు సమస్య కాదు, నిలబడే చోటు సమస్య. చూపించాల్సిన వస్తువు దగ్గరే గైడ్ ఆగితే మొదటి నలుగురు చుట్టూ మూగుతారు, మిగతావాళ్లకు వీపులే కనిపిస్తాయి. వస్తువును దాటి, గుంపు పొడవులో సగం దూరం ముందుకెళ్లి ఆగండి. అప్పుడది వరుస మధ్యలోకి వస్తుంది. మీరు వెనక్కి నడిచొచ్చి అక్కడ నిలబడి, చివరి మనిషి చేరేదాకా నోరు తెరవకండి. ఎండ మీ మొహం మీద పడేట్టు నిలబడండి, వాళ్ల కళ్లలో కాదు. చాలామంది గైడ్లు తెలియకుండానే దీన్ని తిరగేస్తారు, నీడ తమవైపు హాయిగా ఉంటుంది కదా!

90 నిమిషాల నడకకు ఆగే చోట్లు 5, మహా అయితే 6. ఒక్కోచోట మాట 4 నిమిషాలు. 12 చోట్లు రాసుకుని వెళ్లేవాళ్లు ఎనిమిదో చోటికల్లా పరుగులు పెడుతుంటారు, ఆ దారిలో ఎదురుపడ్డ మంచి విషయం ఒక్కటీ చూపించలేరు. ముందురోజు అదే సమయానికి బాటంతా ఒకసారి నడవండి: విరిగిన కొమ్మలు, కందిరీగల గూళ్లు, కొత్తగా పెట్టిన పక్షి గూళ్లు, ఫోన్ సిగ్నల్ అందే చోట్లు. గూడు కనబడితే ఆ మలుపులో ఆగే చోటును మార్చేయండి. గూటి దగ్గర గుంపు నిలబడితే తల్లిపక్షి లోపలికి రాదు, ఎండలో గుడ్లు వేడెక్కిపోతాయి.

మొదలుపెట్టే సమయాన్ని సూర్యోదయాన్ని బట్టి లెక్కేయండి. పక్షుల నడకైతే సూర్యోదయం తర్వాత అరగంటలోపు కదలాలి, రెండు గంటల్లో ముగియాలి. బోడి మైదానం వైపు ముందు వెళ్లి తిరిగొచ్చేటప్పుడు నీడలోంచి రండి. దీన్ని తలకిందులు చేస్తే ఎండ ముదిరాక నీడలేని సగం మిగులుతుంది.

బైనాక్యులర్లు 10 జతలే కాబట్టి ఇద్దరు ముగ్గురికి ఒకటి. పెద్దలకు 8×42 (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) సరిపోతుంది. 10 రెట్లు పెద్దగా చూపేవాటిలో చేతి వణుకు కూడా 10 రెట్లవుతుంది. చిన్నపిల్లలకు కళ్ల మధ్య దూరం తక్కువ, మామూలు జతలు అంత దగ్గరకు ముడవలేక రెండు వేరు వేరు గుండ్రాలు కనిపిస్తాయి. వాళ్లకు చిన్న మడత జతలు వేరుగా పెట్టండి. వాడకం నేర్పేటప్పుడు ఒక్క మాట చాలు: పక్షి మీద చూపు తిప్పకుండా బైనాక్యులర్లను కళ్లకు తెచ్చుకోవాలి. ముందు కళ్లకు పెట్టుకుని తర్వాత పక్షి కోసం వెతికితే ఆకులు తప్ప ఏమీ కనబడవు.

---

నీడపట్టు

గట్టుమీద గారు చెప్పినదానికి వేడి సంగతి కలుపుతాను.

రద్దుకు ఉష్ణోగ్రత అంకె ఒక్కటే పెట్టుకుంటే మోసపోతారు. 32 డిగ్రీల వేడి 40 శాతం తేమలో ఒంటికి దాదాపు 33లా తగులుతుంది, అదే 32 డిగ్రీలు 70 శాతం తేమలో 41లా. చెమట ఆరకపోవడమే కారణం. పైగా ఈ 'ఒంటికి తగిలే వేడి' పట్టికలు నీడకు లెక్కగట్టినవి, నేరుగా ఎండలో ఇంకో 8 డిగ్రీల దాకా పెరగవచ్చు. అందుకని రెండు గీతలు గీసుకోండి. తగిలే వేడి 32 నుంచి 39 మధ్య ఉంటే మైదానం వదిలేసి నీడ సగంలోనే 45 నిమిషాలు. 39 దాటితే రద్దు, బేరం లేదు. ఆ నిర్ణయం బయల్దేరే ముందే తీసుకోవాలి. దారి మధ్యలో గుంపును తిప్పడం చాలా కష్టం, 'ఇంకొంచెమే కదా' అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

నీళ్లు మనిషికి కనీసం ఒక లీటరు. 15–20 నిమిషాలకొకసారి ఒక గ్లాసు, దాదాపు 240 మిల్లీలీటర్లు. దాహం వేశాక తాగుదాంలే అనుకోవద్దు. అలాగని గంటకు లీటరున్నర పట్టించేయడమూ తప్పే, రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతి మొదలై అది వడదెబ్బలాగే కనిపిస్తుంది.

అసలు వడదెబ్బకు గుర్తు చెమట ఆగిపోవడమని అందరూ చెబుతారు. నడుస్తూ పడిపోయినవాళ్లకు చెమట పడుతూనే ఉండవచ్చు. చూడాల్సింది తెలివి: మాట తడబడటం, అడిగినదానికి సంబంధం లేని జవాబు, తూలడం. ఇవి కనబడితే వెంటనే అంబులెన్స్‌కి ఫోన్. ఈలోగా ఊరికే నిలబడకుండా నీడకు చేర్చి, బట్టలు తడిపి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ గట్టిగా విసరాలి. తెలివి సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

ఉరుముల సంగతి కూడా రాసి పెట్టుకోండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లలోపు ఉంటే పిడుగు 10 కిలోమీటర్లలోపే. అందరూ భవనంలోకి లేదా మూసిన వాహనంలోకి వెళ్లాలి, చివరి ఉరుము వినబడ్డాక 30 నిమిషాలు ఆగాలి. ఒంటరి చెట్టు కింద చేరడం అన్నిటికంటే చెడ్డ ఆలోచన.

---

నాచునీరు

కుంట రోజు గురించి.

8 మంది పిల్లలకు ఒక పెద్ద మనిషి. కుంటలో వల ముంచే చోట ఒకేసారి 8 మందే, మిగతావాళ్లు ట్రేల దగ్గర. ఇద్దరికి ఒక వల (ఒక మిల్లీమీటరు కన్నులది), నలుగురికి ఒక తెల్ల ప్లాస్టిక్ ట్రే, ఒక చెంచా, ఒక భూతద్దం. ట్రే తెల్లగా లేకపోతే సగం జీవులు కంటికి ఆనవు.

వల ముంచే ముందే ట్రేలో కుంట నీళ్లు 3 సెంటీమీటర్ల లోతు పోసి నీడలో పెట్టాలి. అంచున మొక్కలున్న చోట వలను 8 అంకె ఆకారంలో 20–30 సెకన్లు తిప్పి, ట్రే నీళ్లలో తిరగేసి మెల్లగా దులపాలి. అడుగు బురద గోకితే ట్రేలో బురద తప్ప ఏమీ రాదు, పిల్లలు మాత్రం సరిగ్గా అదే చేస్తారు.

ఎండాకాలంలో ట్రేలు తొందరగా చంపేస్తాయి. పలచటి నీరు ఇట్టే వేడెక్కుతుంది, వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది: 10 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల్లో సుమారు 7.5 మాత్రమే. అందుకని 10 నిమిషాలకొకసారి సగం నీళ్లు మార్చండి, మొత్తం అరగంటకు మించి ఉంచకండి. వదిలేటప్పుడు పైనుంచి కుమ్మరించకుండా ట్రే అంచును నీళ్లలో ముంచి వంచాలి.

తూనీగ పిల్లలను, నీటి పెంకుపురుగుల పిల్లలను తోకకప్పలతో ఒకే ట్రేలో పెట్టొద్దు, మాటల మధ్యలో తినేస్తాయి. తూనీగ పిల్లకు వేరే ట్రే ఇస్తే అదే ఆ రోజుకు కథానాయకి. ముడుచుకున్న కింది పెదవి రెప్పపాటులో బయటికొచ్చి ఎరను పట్టేస్తుంది. ఊపిరి పీల్చేది పొట్ట చివర లోపలున్న మొప్పలతో, తొందరగా పారిపోవాలంటే అదే రంధ్రంలోంచి నీళ్లు చిమ్మి ముందుకు దూసుకుపోతుంది. ఈ వయసు పిల్లలకు ఇంతకంటే నచ్చే విషయం ఇంకోటి లేదు. వెల్లకిలా ఈదే నీటి నల్లులు కుడతాయి, వాటిని చెంచాతోనే ఎత్తాలి.

చేతులకు సన్‌స్క్రీన్, దోమల మందు ఉంటే కుంటలో చేయి పెట్టే ముందు దూరంగా కడుక్కోవాలి. కప్పల చర్మం పల్చన, అది పీల్చేసుకుంటుంది. డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందైతే కొన్ని రకాల ప్లాస్టిక్‌ను కూడా కరిగిస్తుంది, భూతద్దాలూ బైనాక్యులర్ల మీది రబ్బరూ పాడవుతాయి.

నీటి మీద పచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టె కడితే ఆ రోజు కుంట బంద్. అది విషం చేసే నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు, చూసి తేల్చలేం. ఇంకో కుంటలో వాడిన వలలను కడిగి పూర్తిగా ఆరబెట్టకుండా ఇక్కడ ముంచవద్దు, కప్పలను చంపే బూజు తడి వలల మీద ప్రయాణం చేస్తుంది.

---

కీచురాయి

రాత్రి నడకలో జంతువు కనబడాలనే లెక్కే తప్పు. 12 జతల కాళ్ల చప్పుడుకు ఏ జంతువూ ఆగదు. చీకటినే చూపించండి.

మొదట 20 నిమిషాలు టార్చి లేకుండా కూర్చోబెట్టండి. కంటికి చీకటి అలవాటవడానికి అరగంట దాకా పడుతుంది, ఒక్కసారి ఫోన్ వెలిగిస్తే మళ్లీ మొదటికి. ఆ సమయంలో ఎరుపు, నీలం, ఆకుపచ్చ అట్టముక్కలు పంచి రంగులు ఊహించమనండి. ఎరుపు నల్లగా, నీలం తేటగా కనిపిస్తుంది. మసక చుక్కను చూడాలంటే నేరుగా కాకుండా కొంచెం పక్కకు చూడాలి, కంటి నడిమి భాగంలో మసక వెలుతురును పట్టే కణాలు ఉండవు.

తర్వాత టార్చిని కంటి పక్కనే పెట్టి గడ్డి మీద వేయండి. గూడు అల్లకుండా నేల మీద వేటాడే సాలీళ్ల కళ్లు పచ్చటి మెరుపుల్లా వెలుగుతాయి. టార్చి నడుం దగ్గర పట్టుకుంటే ఒక్కటీ కనబడదు, ఎందుకంటే ఆ వెలుగు వచ్చిన దారినే తిరిగిపోతుంది.

దీపానికి వచ్చే పురుగులను తెల్ల దుప్పటి మీద చూపించే పని ఎప్పుడూ నిరాశపరచదు. 2 మీటర్ల వెడల్పు నూలు దుప్పటిని రెండు చెట్ల మధ్య తాడుకు కట్టి, కింది అంచు అర మీటరు నేల మీద పరచి రాళ్లు పెట్టాలి. అర మీటరు ముందు 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత) దీపం. దాని వైపు నేరుగా చూడకూడదు, పాలికార్బనేట్ కళ్లద్దాలుంటే మంచిది. అమావాస్య చుట్టుపక్కల, గాలి లేని, మబ్బు పట్టిన ఉక్క రాత్రులు బాగుంటాయి. నిండు వెన్నెల్లో తక్కువ వస్తాయి. పురుగులు దీపానికి ఎందుకు వస్తాయని తప్పకుండా అడుగుతారు. 2024లో వచ్చిన పరిశోధనలో వేగంగా తీసిన వీడియోల్లో తేలింది, అవి వెలుగు వైపు వీపు తిప్పుకుంటూ ఎగురుతాయని. ఆకాశం పైన ఉన్నప్పుడు ఆ అలవాటు వాటిని నిటారుగా ఉంచుతుంది, పక్కన దీపముంటే దాని చుట్టూ గిరికీలు కొట్టిస్తుంది.

రెండు గంటలు గడిచాక దీపం ఆర్పేసి, దుప్పటి మీద మిగిలినవాటిని దగ్గరి పొదల్లోకి మెల్లగా దులపండి. తెల్లారేదాకా వదిలితే పక్షులకు పళ్లెంలో వడ్డించినట్టే. వరుస రాత్రుల్లో ఒకేచోట పెట్టొద్దు.

---

కాలిబాట_17

చాలా థాంక్స్ అండీ. రెండు సందేహాలు. రాత్రి అందరికీ ఎర్ర టార్చి ఇస్తే జంతువులకు ఇబ్బంది ఉండదు కదా? ఇంకోటి, ఉదయం ఆలస్యంగా వచ్చే కుటుంబాల కోసం 10 గంటలకు మొదలయ్యే నడక కూడా పెట్టమంటున్నారు. అప్పటికి పక్షులు సద్దుమణుగుతాయి, ఏం చూపించాలి?

---

కీచురాయి

ఎరుపు మన కంటికి మంచిది, చాలా పురుగులకు సరిగా కనబడదు కూడా. కానీ పక్షులకు ఎరుపు బాగానే కనిపిస్తుంది. రంగు కంటే వెలుగు ఎంతన్నది ముఖ్యం. అందరికీ ఇస్తే 12 టార్చిలు ఆడుతూనే ఉంటాయి. గైడ్‌కి ఒకటి, చివరివాళ్లకు ఒకటి, ఎక్కువ మసకలో పెట్టి కాళ్ల వైపు.

---

గట్టుమీద

10 గంటల నడకను పక్షుల పేరుతో పెట్టకండి. నీడ సగంలో ముప్పావు గంట, తూనీగలూ సీతాకోకలూ అని పెట్టండి, వేడి పెరిగేకొద్దీ అవే ఉత్సాహంగా ఉంటాయి. ఎండ నెత్తికెక్కాక కొన్ని తూనీగలు తోకను సూర్యుడి వైపు నిటారుగా ఎత్తి కూర్చుంటాయి, ఎండ తగిలే ఒళ్లు తగ్గించుకోవడానికి. తడి బురద మీద గుంపుగా వాలిన సీతాకోకలు ఎక్కువగా మగవి, ఉప్పు కోసం వస్తాయి. దీనికి 2 మీటర్ల దగ్గర కూడా ఫోకస్ అయ్యే బైనాక్యులర్లు కావాలి. మీ 10 జతల్లో ఎన్ని అలా ఉన్నాయో ముందురోజే చూసి, వాటికి రంగు దారం కట్టి పెట్టుకోండి.