అప్‌డేట్: గిటార్‌పై సి మేజర్‌లో మూగబోయిన ఒకటో తీగ ఇప్పుడు పలుకుతోంది

నెల కిందట నేను అడిగిన ప్రశ్న ఇది: గిటార్‌పై సి మేజర్ కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించేది) పట్టినప్పుడు ఒకటో తీగ మూగబోతోంది, రెండోది జరజరమంటోంది, ఎంత గట్టిగా నొక్కినా అంతే. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ఫలించింది బొటనవేలి సలహా. నేను నెక్‌ను (గిటార్ పొడవాటి మెడను) గుప్పిటతో పట్టుకునేవాడిని. అరచేయి అతుక్కుపోయి, చూపుడువేలు వాలి ఒకటో తీగకు తగిలేది. బొటనవేలిని నెక్ వెనుక మధ్యకు దించగానే వేళ్లు వంగి కొనలపై నిలిచాయి. (ఎడమచేతి గోళ్లు కూడా తీయాల్సి వచ్చింది, అడిగినప్పుడు ఆ సంగతి దాచాను.) వేలిని ఫ్రెట్ పట్టీకి (నెక్‌పై అడ్డంగా ఉండే లోహపు పట్టీకి) ఆనుకునేంత దగ్గరకు జరిపితే జరజర చాలావరకు పోయింది.

అయినా మొదటి ఫ్రెట్ దగ్గర మాత్రమే తీగ మొండికేసేది. మరమ్మతు చేసే ఆయన తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్‌పై మిగిలిన సందు చూపించారు. వెంట్రుకవాసి ఉండాల్సిన చోట దళసరి అట్ట దూరేలా ఉంది. నట్ (నెక్ పైకొనలో తీగలు ఆనే చిన్న పట్టీ) గాడులను కాస్త లోతుగా అరగదీశారు, అంతే.

కొత్త తీగలు, వేళ్ల బలానికి కొన్న స్ప్రింగు సాధనం రెండూ దండగే. ఎఫ్ బార్ కార్డ్ (ఒకే వేలిని అడ్డంగా పరిచి తీగలన్నీ నొక్కేది) ఇంకా లొంగలేదు, దానికి వేరే ప్రశ్న వేస్తాను.