పంచిన గుడ్లు పిల్లలు కాకపోతే ఎవరి బాధ్యత?

గంపకింద:
తెలిసినవారికి మా పెట్టల గుడ్లు 12 ఉచితంగా ఇచ్చాను. వారి పెట్టె ఇంక్యుబేటర్‌లో 20వ రోజున మూడు పిల్లలు లేచాయి, అంతే. ఇప్పుడు మరో డజను ఇవ్వాల్సిందేనట. అదే వారం గుడ్లు పది మా పొదుగు పెట్ట కింద వేస్తే ఎనిమిది పిల్లలయ్యాయి. గుడ్డు నా చేయి దాటాక నా పూచీ ఏముంటుంది?

కోడికూత:
మిగతా తొమ్మిదింటి లెక్క ముందు చెప్పండి. ఏడో రోజు లైటు పెట్టి చూశారా? లోపల ఏమీ కనిపించకుండా తేటగా ఉన్నవి ఎన్ని?

గంపకింద:
వారు చెప్పిన ప్రకారం తేటవి ఐదు, రక్తపు వలయం, అంటే పిండం మొదట్లోనే చచ్చిన గుర్తు, కనిపించినవి మూడు. ఒకటి పిల్లయ్యాక పెంకులోనే చచ్చింది.

కోడికూత:
తేలిపోయింది. ఆ ఐదూ పుంజు తొక్కని గుడ్లు. ఆ ఐదూ మీరు తిరిగి ఇవ్వాలి. నాకూ ఒకాయన పది రోజులుగా అలమారలో పడి ఉన్న గుడ్లను "నిన్నటివే" అని ఇచ్చారు. ఒక్కటీ లేవలేదు. పైగా "మీ చేతి మహిమ" అని నవ్వారు. ఇచ్చేవారి మాట అప్పటి నుంచి నమ్మను.

జొన్నగింజ:
గుడ్లు కడిగారా? కడిగితే పెంకు మీది సన్నని పొర పోతుంది.

గంపకింద:
కడగలేదు.

పెరటిమనిషి:
కోడికూత గారూ, తేటగా ఉన్నదల్లా పుంజు కలవని గుడ్డు కాదు. మొదటి ఒకటి రెండు రోజుల్లో చచ్చిన పిండం లైటుకు కనిపించదు. పగలగొట్టి పచ్చసొన మీది చుక్క చూడాలి. చిన్నగా, గట్టిగా, అంచు చెదిరి ఉంటే కలవనిది. గుండ్రంగా విస్తరించి ఉంటే కలిసినదే. నన్ను ఆపింది వేరే సంగతి. 21 రోజులు నిండకముందే లేచాయంటే వేడి ఎక్కువైందేమో. థర్మామీటరు ఎక్కడ పెట్టారు?

కోడికూత:
వేడి సంగతి రక్తపు వలయాలున్న మూడింటికి. నేనడిగేది ఐదింటి గురించి.

నల్లపెట్ట:
ఆ "తెలిసినవారు" నేనే. మా పెట్టెలో ఫ్యాను లేదు. థర్మామీటరు కింది జాలి మీద పెట్టి 37.5 డిగ్రీలు చూసుకున్నాను. ఒక రాత్రి నాలుగు గంటలు కరెంటు పోయింది. తేటవి పగలగొట్టకుండా పాతిపెట్టేశాను.

పెరటిమనిషి:
దొరికింది. ఫ్యాను లేని పెట్టెలో వేడి పైకి చేరుతుంది. గుడ్డు పైభాగం ఎత్తులో కొలిచి, అక్కడ 38.5 దగ్గర ఉంచాలి. జాలి దగ్గరే 37.5 ఉంటే పైన ఉడికిపోయి ఉంటాయి. కరెంటు పోవడం అంత పెద్ద దెబ్బ కాదు, పెట్ట కూడా రోజూ మేతకు లేచి వెళ్తుంది.

గంపకింద:
నాలుగు గంటలు కరెంటు పోయిన మాట నాతో ఎందుకు అనలేదు? ఉచితంగా ఇచ్చి మాట పడాలా?

నల్లపెట్ట:
మళ్లీ అదే మాట, ఉచితం. కిందటేడు కుక్కలు మీ గూడు చీల్చి ఒక్క పుంజును మిగిల్చిన రోజు గుర్తుందా? మా నల్ల పెట్టను, దాని ఏడు పిల్లలతో సహా గంపలో పెట్టి తెచ్చి మీ పెరట్లో దింపాను. దారంతా అది గంప సందుల్లోంచి నా వేళ్లు పొడుస్తూనే ఉంది. దాన్ని నేను ఉచితం అన్నానా? ఆ తర్వాత తెగులు వచ్చి మా గూట్లో ఆ సంతతి ఒక్కటీ మిగలలేదు. నాకు డజను గుడ్లు ముఖ్యం కాదు. లేచిన మూడింటిలో నల్లది ఒక్కటీ లేదు.

కోడికూత:
ఇది ముందే చెప్పాల్సింది.

నల్లపెట్ట:
ఎవరు అడిగారు?

గంపకింద:
మీకు ఆ పెట్ట సంతతే కావాలని నాకు తెలియదు. అది నెలన్నరగా ఈకలు రాలుస్తోంది, గుడ్డు పెట్టడం మానేసింది. మీకిచ్చిన పన్నెండూ వేరే పెట్టలవి. ఆ సంగతి నేను చెప్పి ఉండాల్సింది. ఏ పెట్ట గుడ్లు కావాలని అడిగితే ఆ పెట్టనే తిరిగి ఇమ్మంటారేమోనని నోరు మెదపలేదు, నిజం చెప్పాలంటే. అది మళ్లీ గుడ్డుకు రాగానే మొదటి వరుస మీదే. అయితే ఆ పెట్టెలో మాత్రం వేయనివ్వను, పొదుగు పెట్టను కూడా పంపిస్తాను.

నల్లపెట్ట:
పెట్టె నాది, నా ఇష్టం. థర్మామీటరు పైకి జరుపుతాను లెండి. పొదుగు పెట్టను పంపితే వద్దనను.

జొన్నగింజ:
ఇంతకీ కడగలేదంటారు?

కోడికూత:
ఆ ఐదు తేట గుడ్ల సంగతి ఎవరూ తేల్చలేదు.