కలబంద గుజ్జు రాస్తే దురద వచ్చింది, మొక్కను ఉంచాలా?

ప్రశ్న:
గృహప్రవేశం నాడు దిష్టికని గుమ్మంపైన తలకిందులుగా కట్టిన కలబంద మాది. నాలుగు నెలలు చుక్క నీరు లేకుండా బతికింది. పారేయడానికి మనసొప్పక కుండీలో పెడితే ఏడాదిలో ఆరు పిలకలు వేసింది. మొన్న ఒక మట్ట కోసి, అక్కడికక్కడే చీల్చి, ఎండకు కమిలిన మా అమ్మాయి చేతికి గుజ్జు రాశాను. పది నిమిషాల్లో దురద, దద్దుర్లు. కడిగాక తగ్గాయి. ఇది మంచి రకం కాదా? తీసేయమంటారా?

జవాబు:
తీసేయకండి. కోసిన వెంటనే చీల్చారు కదా, నా అనుమానం అక్కడే. తోలుకూ గుజ్జుకూ మధ్య పసుపుపచ్చని సొన ఉంటుంది. మామిడికాయ సొనలాగే కొందరి చర్మానికి ఇది పడదు. దాన్ని ఎండబెడితే నల్లగా గడ్డకట్టేదే మూసాంబరం. మా అమ్మమ్మ దాన్ని అరగదీసి బెణికిన కాలికి పట్టు వేసేది. పిల్లల దగ్గరకు మాత్రం రానిచ్చేది కాదు.

అడుగున ఉన్న ముదురు మట్టను కోసి, కోసిన వైపు కిందికి వచ్చేలా గిన్నెలో అరగంట నిలబెట్టండి. సొన కారిపోతుంది. తరువాత ముళ్ళ అంచులు తీసి, తోలు చెక్కి, గుజ్జు ముక్కలను జారుడు తగ్గేవరకూ రెండు మూడు నీళ్ళలో కడగండి. ముందు ముంజేతి లోపలివైపు కాస్త రాసి ఒక రోజు ఆగండి. కడిగిన గుజ్జుకు కూడా దురద వస్తే అమ్మాయికి కలబంద పడదన్నమాట, ఇక రాయవద్దు.

మరో జవాబు:
రాసుకోవడం వరకు సరే, పరగడుపున రసం తాగేవారికి నా విన్నపం. మా మామగారు మట్టను తోలుతో సహా మిక్సీలో వేసి తాగి, రెండు రోజులు విరేచనాలతో నీరసించిపోయారు. ఆ సొనలోని అలోయిన్ అనే పదార్థం చేసే పని అది. డాక్టరు చీటీ లేకుండా అమ్మే విరేచనం మందుల్లో కలబంద సొనను అమెరికా 2002లోనే ఆపించింది. గర్భిణులు అసలు తాగకూడదు.

ఇంకొక జవాబు:
నాలుగు నెలలు ఎలా బతికిందంటే, ఈ మొక్క ఆకు రంధ్రాలను పగలు మూసుకుని రాత్రి తెరుస్తుంది. లోపలి నీరు అంతగా ఆవిరి కాదు. కుండీలో మట్టి పూర్తిగా ఆరాకే నీరు పోయండి, లేకపోతే వేరు కుళ్ళుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అరగంట నిలబెడితే గిన్నెలో చెంచాడు పచ్చటి సొన దిగింది, ఘాటు వాసన. ఇదంతా మొన్న పిల్ల చేతికి పూశానా అని గుండె కలుక్కుమంది. కడిగిన గుజ్జు ఇప్పుడే నా ముంజేతికి రాసుకున్నాను. అమ్మాయికి రేపు, అదీ చుక్కంత.