క్యాష్ ఆపేస్తే పెంటియం ప్రాసెసర్ పాతతరం 386లా కనిపిస్తోంది, ఎందుకు?

ప్రశ్న:
నా దగ్గర పెంటియం 133 ఉంది. ఒక పాత డాస్ గేమ్ మరీ వేగంగా పరిగెడుతోందని బయోస్ సెట్టింగుల్లో ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ క్యాష్ (ప్రాసెసర్ తరచూ వాడేవాటిని దగ్గర పెట్టుకునే చిన్న, వేగమైన మెమరీ) రెండూ ఆపేశాను. గేమ్ ఇప్పుడు హాయిగా ఆడుకోవచ్చు. కానీ వేగం కొలిచే ప్రోగ్రామ్ దీన్ని 386 స్థాయిలో చూపిస్తోంది. ప్రాసెసర్ పాడైందేమోనని రాత్రంతా టెన్షన్. క్లాక్ వేగం నిజంగా తగ్గిందా?

జవాబు:
తగ్గలేదండి, కంగారు పడకండి. ఆ ప్రోగ్రామ్ చిన్న లూప్ (మళ్లీ మళ్లీ నడిచే కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు) తిప్పి ఎంతసేపు పట్టిందో చూస్తుంది. మామూలుగా ఆ లూప్ మొత్తం చిప్‌లోని 8 కేబీ కోడ్ క్యాష్‌లో కూర్చుంటుంది. క్యాష్ లేకపోతే తిరిగిన ప్రతిసారీ అవే ఇన్‌స్ట్రక్షన్లను ర్యామ్ నుంచి మళ్లీ తెచ్చుకోవాలి. పైగా క్యాష్‌లోకి 32 బైట్ల ముక్క (లైను) ఒకే విడతలో రావడం కూడా ఆగిపోతుంది. ప్రాసెసర్ ఎక్కువసేపు ఎదురుచూస్తూనే ఉంటుంది. అంటే మీరు కొలిచింది ర్యామ్ వేగాన్ని!

ఇంకో జవాబు:
ఆర్‌డీటీఎస్‌సీ ఇన్‌స్ట్రక్షన్ వాడి చూడండి. అది క్లాక్ సైకిళ్లనే లెక్కపెడుతుంది కాబట్టి క్యాష్ ఉన్నా లేకున్నా ఒకటే. సెకనుకు 13.3 కోట్ల (అంటే 133 మెగాహెర్ట్జ్) దగ్గర రావాలి. ఒక్క మాట: క్యాష్ ఆపి తీసిన స్కోరును 386 స్కోరుతో పోల్చకండి. లెక్కలు ఎక్కువున్న పని ఒకలా, మెమరీ ఎక్కువ తాకే పని ఇంకోలా నెమ్మదిస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
చూశానండి, సరిగ్గా 133 వచ్చింది. ప్రాణం లేచొచ్చింది.